కథలో పాత్రను, ఉత్కంఠను విశ్లేషించడం ఎలా?

ఐదారు పేజీల కథ, ఒక పెన్సిల్, ఒక అట్టముక్క చాలు. కథలు లేకపోతే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత సంకలనాలు దొరుకుతాయి. ఫోన్లో మాత్రం చదవొద్దు.

మొదటిసారి ఏమీ రాసుకోకుండా చదివేయండి. రెండోసారి, టెన్షన్ కలిగిన చోటల్లా పక్కన గీత పెట్టండి.

ఇక అసలు పని. గీత పెట్టిన ప్రతిచోటా ఆగి, ఆ క్షణానికి పాత్రకు ఏం తెలుసో, మనకు ఏం తెలుసో రాయాలి. అందరూ దెబ్బతినేది ఇక్కడే, ఎందుకంటే ముగింపు అప్పటికే తెలిసిపోయి ఉంటుంది.

1910లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’నే చూడండి. గోపాలరావు అర్ధరాత్రి దాటాక ఇంటికొస్తాడు. భార్య కమలిని కనిపించదు, ఉత్తరం ఒకటి దొరుకుతుంది. ఆమె మంచం కిందే ఉందని మనకు ఆఖర్న గానీ తెలియదు. దీన్ని విశ్లేషించమంటే చాలామంది మొదటి వాక్యంలోనే ‘కమలిని మంచం కింద దాక్కుని భర్తకు బుద్ధి చెప్పింది’ అని రాసేస్తారు. ఇంకేం మిగిలింది? గోపాలరావుకు తెలిసినంతే మనకూ తెలుసు కాబట్టే అతని కంగారు మనదవుతోంది. ఆమె అక్కడుందని గురజాడ ముందే చెప్పి ఉంటే అతని అవస్థ చూసి నవ్వుకునేవాళ్ళం. అందుకే అట్టముక్క. గీత దగ్గర ఆగినప్పుడు దాని కింది భాగం మూసేయండి. కనిపించే వాక్యాలను బట్టే రాయండి. విసుగనిపించినా ప్రతి గీతకూ ఇలాగే చేయాలి.

పాత్రను పట్టుకోవలసిందీ ఆ గీతల దగ్గరే. చిక్కడపల్లి గ్రంథాలయంలో పరీక్షలకు చదివే పిల్లల నోట్సులో ‘గుణాలు: కోపం, జాలి’ అని పట్టికలు చూస్తుంటాను. బాధేస్తుంది. గుణాల పట్టిక ఏ కథకైనా సరిపోతుంది, కాబట్టి ఈ కథ గురించి ఏమీ చెప్పదు. గోపాలరావు పట్టరాని కోపంతో నౌకరు రాముణ్ణి కొడతాడు, వెంటనే లేవనెత్తి వీపు నిమురుతాడు. భయంలో ఉన్న మనిషి వరసగా చేసిన ఆ రెండు పనులూ రాయండి. ఆ వరసలోనే అతను దొరుకుతాడు.

చివరగా గీతల పక్కన రాసినవన్నీ కలిపి ఒక్క పేరా చేయండి. ‘దిద్దుబాటు’ మీద రాస్తుంటే, మంచం అనే మాట ఆ పేరా ఆఖరి వాక్యంలో తప్ప ఇంకెక్కడా రాకూడదు.