పిలిస్తే రాని కుక్క: ఎందుకు రాదు, ఏం చేయాలి

గేటు తెరిచి ఉన్న ఒక్క నిమిషంలో కుక్క వీధిలోకి దూకడం, యజమాని దాని పేరు పెట్టి అరుస్తూ వెంటపడటం, అది ఒకసారి వెనక్కి చూసి మరింత దూరం పోవడం మన కాలనీల్లో తరచుగా కనిపించేదే. చూసినవాళ్లు దానికి మొండితనం అంటగడతారు. నేను చూసినంతలో మొండితనం కారణమైన సందర్భం ఒక్కటీ లేదు. పిలిచినప్పుడు వచ్చిన కుక్కకు వచ్చిన వెంటనే ఏం ఎదురైందో, తర్వాతి పిలుపుకు అది వస్తుందా రాదా అన్నది దాన్ని బట్టే ఉంటుంది. కింది సమస్యల్లో మీ కుక్కది ఏదో చూసుకొని అక్కడి నుంచి మొదలుపెట్టండి. మొదటిది మాత్రం ఎవరూ దాటవేయవద్దు.

సమస్య: పిలిచినా తల తిప్పి చూడదు

ముందుగా చెవులు చూడాలి. కుక్క అటు తిరిగి పడుకున్నప్పుడు, దానికి కనిపించకుండా పక్క గదిలో నిలబడి బిస్కెట్ ప్యాకెట్‌ను మెల్లగా నలపండి. చెవి కదిలితే వినపడుతున్నట్టే. కదలకపోయినా, తరచూ తల విదిలిస్తున్నా, చెవి నుంచి వాసన వస్తున్నా పశువైద్యుడికి చూపించాలి. మన ఉక్కపోతలో చెవి ఇన్ఫెక్షన్లూ, చెవి మడతల్లో పిడుదులూ మామూలే. వయసు మళ్లి వినికిడి తగ్గిన కుక్కకు చేతి సైగతో ఇదే విద్య నేర్పవచ్చు.

చెవులు బాగున్నాయంటే లోపం పిలుపులోనే ఉంది, తెలుగు ఇళ్లలో అది మరీ ఎక్కువ. ‘రా’ అన్న మాట మన నోట రోజుకు ఎన్నిసార్లు వస్తుందో గమనించండి. పిల్లలను అన్నానికి రమ్మంటాం, పక్కింటావిడను లోపలికి రమ్మంటాం, ఫోనులో స్నేహితుడిని ‘ఏరా, ఎప్పుడొస్తావురా’ అని అడుగుతాం. వీటిలో ఏదీ కుక్కకు సంబంధించినది కాదు కాబట్టి, ఆ శబ్దాన్ని అది ఫ్యాను చప్పుడులా వదిలేయడం నేర్చుకుంటుంది. పైగా తాతగారు ‘దా దా’ అంటారు, పిల్లలు ‘కమ్ కమ్’ అంటారు, అమ్మ చిటికె వేస్తుంది. పేరు కూడా పిలుపుగా పనికిరాదు, ఎందుకంటే చెప్పు కొరికినప్పుడు తిట్టేదీ ఆ పేరుతోనే.

ఇంట్లో మరెవరితోనూ వాడని ఒక మాటను ఎంచుకొని, అందరూ అదే వాడాలి. మా ఇంట్లో అది ‘బిరబిర’. ఆటవస్తువుల దుకాణంలో దొరికే ఈల ఇంకా మంచిది, ఎవరు ఊదినా ఒకేలా వినిపిస్తుంది, మన గొంతులోని కోపం అందులోకి రాదు. మొదటి వారం ఆ మాటతో కుక్కను పిలవకూడదు. అది మీ పక్కనే ఉన్నప్పుడు మాట అని, ఒక్క క్షణంలో నోటికి తిండి ముక్క అందించాలి. రోజుకు రెండు విడతలుగా పదేసి సార్లు చాలు. రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ కుక్కల మీద చేసిన ప్రయోగాలలో తేలిన వరుస ఇదే: ముందు శబ్దం, ఆ వెంటనే ఆహారం. చేతిని ముందే జేబులో పెడితే కుక్క చేతినే చూస్తుంది, మాట వినదు.

సమస్య: దగ్గరిదాకా వచ్చి, చేతికి అందకుండా ఆగిపోతుంది

ఈ తప్పు నేనూ చేశాను. వీధి నుంచి తెచ్చి పెంచుకున్న మా ఆడకుక్కను సాయంత్రాలు డాబా మీద వదిలేవాళ్లం. చీకటి పడే వేళ పిలిచి, మెడపట్టీ పట్టుకొని, కిందికి తీసుకువెళ్లి గొలుసు వేసేవాడిని. మూడు నెలలు గడిచేసరికి, పిలిస్తే పరుగున వచ్చేది గానీ నాకు రెండు బారల దూరంలో నిలిచిపోయేది. తోక కిందికి వాలేది, చూపు పక్కకు తిప్పి పెదవులు నాక్కునేది. నేను ఒక అడుగు వేస్తే తానూ ఒక అడుగు వెనక్కి వేసేది. నా చెయ్యి మెడపట్టీ మీద పడిందంటే ఆట ముగిసినట్టేనని తొంభై సాయంత్రాలు దానికి నేర్పింది నేనే.

స్నానానికి, మందు వేయడానికి, గోళ్లు కత్తిరించడానికి పిలిచే ఇళ్లలోనూ ఇదే జరుగుతుంది. పది నిమిషాలు ఆలస్యంగా వచ్చిందని చెయ్యి చేసుకునే ఇంట్లో పరిస్థితి ఇంకా విషమం. కుక్క దెబ్బను తన ఆలస్యంతో ముడిపెట్టుకోలేదు, అప్పుడే చేసిన పనితో ముడిపెట్టుకుంటుంది. ఆ పని మీ దగ్గరకు రావడమే.

దీనికి విరుగుడు మూడు పనులు: పట్టుకోవడం, పెట్టడం, వదలడం. పిలవండి. వచ్చాక దాని ఎదురుగా వంగకుండా పక్కకు తిరిగి కూర్చొని, గడ్డం కింది నుంచి చెయ్యి పోనిచ్చి మెడపట్టీని రెండు వేళ్లతో పట్టుకోండి. పట్టుకున్నాకే ముక్క పెట్టండి, ఆ వెంటనే వదిలేసి మళ్లీ ఆడుకోనివ్వండి. ఒక సాయంత్రంలో పదిసార్లు పిలిస్తే అందులో తొమ్మిది సార్లు ఇలా వదిలేయాలి, చివరిసారి మాత్రమే ఇంట్లోకి తీసుకెళ్లాలి, అక్కడ గిన్నెలో భోజనం సిద్ధంగా ఉండాలి. మా కుక్క తొలి రెండు రోజులూ మెడ చాచి ముక్క అందుకొని తప్పుకునేది. మెడపట్టీని తాకకుండా ఆ రెండు రోజులూ ఊరుకున్నాను. మూడు వారాలకు తానే వచ్చి నా మోకాలికి ఆనుకొని నిలబడింది. స్నానానికి మాత్రం ఆ రోజు నుంచి ఈ రోజు వరకు పిలవలేదు, నేనే దాని దగ్గరకు నడిచివెళ్లి తీసుకొస్తాను.

సమస్య: ఇంట్లో చక్కగా వస్తుంది, బయట వినిపించుకోదు

హాల్లో నేర్చిన పాఠం మైదానంలో కూడా వర్తిస్తుందని కుక్కకు దానంతటదే తోచదు. వీధిలో చెత్తకుండీ వాసన, ఎదురింటి మెట్ల మీది పిల్లి, వేరే కుక్కల మూత్రపు గుర్తులు పిలుస్తూ ఉంటే, మీ జేబులోని ఎండు బిస్కెట్ ఏ మూలకు? ఆరు నెలల నుంచి ఏడాదిన్నర మధ్య వయసులో, అప్పటిదాకా బుద్ధిగా వచ్చిన కుక్క కూడా ఇలా మారుతుంది.

బయట పెట్టే ముక్క ఇంట్లో ఎప్పుడూ దొరకనిదై ఉండాలి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడి లివర్‌ను చిటికెనవేలి గోరంత ముక్కలుగా కోసుకోండి. శాకాహారుల ఇళ్లలో పనీరు సరిపోతుంది. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకు విషం, పిల్లల చేతుల నుంచి కూడా అందనివ్వకండి. రోజు మొత్తం తిండిలో ఈ ముక్కలు పదో వంతు దాటకూడదు.

తరువాత కావలసింది తాడు. ఎనిమిది, పది మీటర్ల నూలు తాడును మెడపట్టీకి కాకుండా ఛాతీ చుట్టూ వేసే హార్నెస్‌కు కట్టాలి, లేకపోతే పరుగు మధ్యలో తాడు బిగిసినప్పుడు మెడకు దెబ్బ తగులుతుంది. తాడును అరచేతికి ఎప్పుడూ చుట్టుకోవద్దు. స్థలాన్ని మెట్టుమెట్టుగా మార్చండి: హాలు, వరండా, అపార్ట్‌మెంట్ సెల్లార్, తెల్లవారుజామున ఖాళీగా ఉన్న మైదానం, చివరికి మనుషులు నడిచే మైదానం. ఒక చోట పది పిలుపుల్లో ఎనిమిదింటికి వచ్చాకే మరో చోటికి వెళ్లాలి. ఎండాకాలంలో ఉదయం ఏడు దాటాక ఈ సాధన వద్దు, రొప్పుతున్న కుక్క తిండి మీద మనసు పెట్టలేదు.

పిలిచినా రాకపోతే మళ్లీ పిలవకండి. అన్నిటికంటే కష్టమైన నియమం ఇదే. ‘రా, రా, రా’ అని ఐదుసార్లు పిలిస్తే, మొదటి నాలుగూ లెక్కలోకి రావని నేర్పినట్టే. మాట్లాడకుండా తాడును చేతుల్లోకి మడతలుగా తీసుకుంటూ దాని దగ్గరకు నడవండి, ముక్కు దగ్గర ముక్క వాసన చూపించి నాలుగడుగులు వెనక్కి నడిపించండి. ఆ చోటు దానికి ఇంకా కష్టమని తెలిసింది కాబట్టి ఒక మెట్టు దిగండి.

సమస్య: ముక్క చూపిస్తేనే వస్తుంది

ముక్కను ముందే చూపించడం వల్ల వచ్చే చిక్కు ఇది. చేతులు ఖాళీగా ఉంచి పిలవండి, వచ్చాక జేబులోంచో కిటికీ గట్టు మీది డబ్బాలోంచో తీసి పెట్టండి. అలవాటు గట్టిపడ్డాక ఒకసారి ముక్క, ఒకసారి బంతి, ఒకసారి మెచ్చుకోలు ఇవ్వవచ్చు గానీ, ముక్కలు పూర్తిగా మానకూడదు.

సమస్య: పట్టుకోబోతే పారిపోతుంది

మీరు వెంటపడితే దానికి అది ఆట. ఎదురు దిక్కుకు నవ్వుతూ పరుగెత్తండి, లేదా గొంతుక్కూర్చోండి.

సమస్య: టపాసులకో డప్పులకో బెదిరి పారిపోయింది, పిలుపు వినడం లేదు

దీపావళి రాత్రి, నిమజ్జనం ఊరేగింపు, పెళ్లి బరాత్ సమయాల్లో ఏ శిక్షణా కుక్కను ఆపలేదు. విపరీతమైన భయంలో ఉన్న కుక్క తిండి కూడా తీసుకోదు. ఆ రోజుల్లో టపాసులు మొదలవకముందే బయట తిప్పి తెచ్చి, తలుపులు మూసిన గదిలో ఉంచాలి. మెడపట్టీకి మీ ఫోన్ నంబరు చెక్కిన బిళ్ల ఏడాది పొడవునా ఉండాలి.

అయినా తప్పిపోతే, పది మంది కలిసి పేరు అరుస్తూ వెతకవద్దు. కనిపించినప్పుడు దాని కళ్లలోకి చూడకుండా, దూరంగా నేల మీద పక్కకు తిరిగి కూర్చొని, చుట్టూ లివర్ ముక్కలు చల్లి, అది తానుగా వచ్చేదాకా ఆగండి. కనిపించకపోతే, రోజూ అది పడుకునే దుప్పటిని గేటు లోపల పరిచి, పక్కన నీళ్లు పెట్టి, వీధి సద్దుమణిగాక గేటు తీసి ఉంచి, ఇంట్లో ఒకరు మెలకువగా ఉండండి.