అదనపు యూఎస్‌బీ పోర్టుకు కరెంటు అందించిన విధం

మా ఇంటి మేడగదిలో వాతావరణ వివరాలు నమోదు చేసే చిన్న బోర్డు కంప్యూటరుకు అదనంగా ఒక యూఎస్‌బీ పోర్టు అతికించాను. కీబోర్డు హాయిగా పనిచేసింది. ఫోర్‌జీ డాంగిల్ (సిమ్‌తో ఇంటర్నెట్ ఇచ్చే చిన్న పరికరం) పెడితే మాత్రం బోర్డే ఆగిపోయి మళ్లీ మొదలయ్యేది. ఇలాంటప్పుడు చాలామంది డ్రైవర్లను అనుమానిస్తారు. నేనైతే ముందు వోల్టులు కొలిచే మల్టీమీటరే తీస్తాను.

ఖాళీ పోర్టు దగ్గర 5 వోల్టులు ఉన్నాయి. డాంగిల్ నెట్‌వర్కు వెతుకుతుండగా అది 4.5కి జారింది. యూఎస్‌బీ 2.0 ప్రమాణం ప్రకారం పూర్తి కరెంటు ఇచ్చే (హై-పవర్) పోర్టు 500 మిల్లీయాంపులు ఇస్తూ కూడా 4.75 వోల్టుల కన్నా తగ్గకూడదు. ఇక్కడేమో బోర్డు పిన్ను నుంచి వెంట్రుకంత తీగ మీద కరెంటు వస్తోంది! అంత సన్నని తీగలో ఎక్కువ కరెంటు పారితే వోల్టేజి పడిపోతుంది.

జగదాంబ కూడలి దగ్గర మందపాటి తీగ కొని, 5 వోల్టుల, 3 యాంపుల అడాప్టరు నుంచి పోర్టుకు నేరుగా లైను ఇచ్చాను. బోర్డుకూ అదే అడాప్టరు, తీగ మాత్రం వేరు. గ్రౌండు (సున్నా వోల్టుల తీగ) ఉమ్మడిగానే ఉంచాలి, లేకపోతే డేటా సరిగా నడవదు. పోర్టు లైనులో ఒక పాలీఫ్యూజు (కరెంటు మితిమీరితే అడ్డుకొని, చల్లారాక మళ్లీ పనిచేసే ఫ్యూజు), దాని తర్వాత పోర్టుకు ఆనుకొని 220 మైక్రోఫారడ్ల కెపాసిటరు పెట్టాను. ప్రమాణం అడిగేది కనీసం 120. డాంగిల్ గుచ్చగానే వచ్చే కరెంటు గుంజుడును ఈ కెపాసిటరే కాస్తుంది.

విశాఖ ఉప్పుగాలికి కనెక్టరు కాళ్లు పచ్చబారతాయి కాబట్టి టంకం మీద వార్నిష్ పూశాను. ఇప్పుడు డాంగిల్ నడుస్తుండగా కూడా మీటరు 4.9 చూపిస్తోంది.