తీర్థం ఫోటోలు మసకగా రాకుండా నేనేం చేశానంటే

పోయినేడాది కనుమకి కోనసీమలోని జగ్గన్నతోట తీర్థానికి వెళ్లి, గంగలకుర్రు ఊరి ప్రభలు (భుజాల మీద మోసుకొచ్చే, అలంకరించిన ఎత్తైన వెదురు చట్రాలు) కౌశిక కాలువ దాటుతుంటే ఓ యాభై ఫోటోలు నొక్కాను. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూస్తే ఏముంది, మోసే కుర్రాళ్ల మొహాలు రెండేసి కనిపిస్తున్నాయి, నీళ్లేమో పాలు ఒలికినట్టు తెల్లటి చారలు. లెన్స్ పోయిందేమోనని ఒకటే టెన్షన్. లెన్స్‌కేం కాలేదు, కెమెరా మోడ్ డయల్ ఆటోలో వదిలేశాను, అంతే. వివరాలు చూస్తే షట్టర్ 1/60 అని ఉంది, అంటే సెకనులో అరవయ్యో వంతు సేపు తెరుచుకుందన్నమాట. కొబ్బరిచెట్ల నీడలో వెలుగు చాలక కెమెరా తనంతట తనే అక్కడికి దించేసింది, పరిగెత్తే మనిషికి అది ఏ మూలకీ చాలదు.

ఈసారి డయల్ ‘ఎస్’ మీద పెట్టాను, అంటే షట్టర్ వేగం మనమే ఎంచుకునే మోడ్ (కెనాన్‌లో దీన్నే ‘టీవీ’ అంటారు), షట్టర్ 1/500, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) ఆటో, పైహద్దు 3200. స్పోర్ట్స్ మోడ్ కూడా పనికొస్తుంది గానీ అందులో మన చేతిలో ఏమీ ఉండదు, నాకు నచ్చదు. తోటలో ప్రభలన్నీ బారుతీరి నిలబడ్డాక మాత్రం ‘ఎ’ మోడ్‌కి తిప్పి అపర్చర్ (లెన్స్ ఎంత తెరుచుకోవాలన్నది) ఎఫ్8 పెట్టుకున్నాను, అక్కడ కదిలేదేం లేదు కదా.

సాయంత్రం మళ్లీ ‘ఎస్’లోకి వచ్చేసరికి అపర్చర్ అంకె టపటపా మెరుస్తోంది, అంటే లెన్స్ ఇంక తెరుచుకోలేదు, ఫోటో నల్లగా వస్తుందని. షట్టర్ 1/250కి దించి ఐఎస్ఓ హద్దు 6400 చేశాను. కాస్త నాయిస్ (ఇసక చల్లినట్టు చుక్కలు) వచ్చింది, రానీ. మోసేవాళ్ల మోకాళ్ల దగ్గర చిమ్మిన బురదనీటి చుక్కలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేలా పడ్డాయి.