సగం మందికే వెళ్లిన మెసేజ్: ఫోన్‌లో టైపింగ్, ఎస్ఎంఎస్ తిప్పలు

ఫోన్ రీసెట్ కొట్టేముందు మూడు సంగతులు చూడండి. మెసేజ్ ఏ సిమ్ నుంచి వెళ్తోంది? ఆ సిమ్‌కి రీచార్జి ఉందా? ఆ రీచార్జిలో అసలు ఎస్ఎంఎస్‌లు ఉన్నాయా? విశాఖ ద్వారకానగర్‌లో మా ఫోన్ రిపేరు కౌంటర్ మీదకి ‘మెసేజ్‌లు పోవట్లేదు’ అని వచ్చే ఫోన్లలో చాలావాటి జబ్బు ఇక్కడే దొరికిపోతుంది. రెండు సిమ్‌లుంటాయి. రెండోది ఎప్పుడో ఆఫర్‌లో వేసుకున్నది, వ్యాలిడిటీ అయిపోయి నెలలైపోయి ఉంటుంది. మెసేజ్ దాని మీంచి పోతూ ఉంటుంది. ఏ సిమ్ వాడుతోందో పంపే గుర్తు దగ్గరే కనిపిస్తుంది, కానీ చూడరు. వీడియోలు చూసి సెట్టింగులన్నీ కెలికేసి, అప్పుడు తెస్తారు.

అక్షరాలు వాటంతటవే పడుతున్నాయి, ఒకటి నొక్కితే ఇంకోటి వస్తోంది

చార్జర్ పీకండి. ఆగిపోయిందా? అయితే ఫోన్ బాగానే ఉంది, చార్జర్‌దే లోపం. వేలు తగిలినచోట వచ్చే సన్నటి విద్యుత్ మార్పుని పట్టుకునే తెర ఇది. నాసిరకం అడాప్టర్ ఆ లెక్కని గందరగోళం చేసేస్తుంది. చార్జర్ లేకపోయినా అలాగే ఉంటే తెర పొడిగుడ్డతో తుడిచి, టెంపర్డ్ గ్లాస్ తీసి చూడండి. మే నెల ఉక్కపోతలో, చెమట పట్టిన వేళ్లతో బీచ్ రోడ్డు మీద నడుస్తూ టైప్ చేస్తే ఏ ఫోనైనా అంతే. గ్లాస్ తీశాక కూడా మారకపోతే డిస్‌ప్లే చూపించుకోవాల్సిందే.

తెలుగు కొడితే ఇంగ్లిష్ పడుతోంది, పేర్లు వాటంతటవే మారిపోతున్నాయి

గూగుల్ కీబోర్డు జీబోర్డ్‌లో స్పేస్ బార్ నొక్కిపట్టుకుంటే భాషల జాబితా వస్తుంది. అందులో తెలుగు లేకపోతే కీబోర్డు సెట్టింగుల్లోకెళ్లి చేర్చుకోండి. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చేదీ, నేరుగా తెలుగు అక్షరాలుండేదీ వేర్వేరు, మీకు అలవాటైనది ఎంచుకోండి. కీబోర్డు ఒక తప్పు పదం నేర్చుకుని అదే పదేపదే చూపిస్తుంటే, పైన వచ్చే ఆ సూచనని నొక్కిపట్టి చెత్తబుట్టలోకి లాగేయండి. పేర్లు ఎక్కువ రాసేవాళ్లు ఆటో కరెక్షన్ ఆపేసుకోవడమే మేలు.

సగం మందికి వెళ్లింది, సగం మందికి వెళ్లలేదు

ఇదీ అసలు తలనొప్పి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీలు, చీటీలు నడిపేవాళ్లు, ట్యూషన్ మాస్టార్లు ఎక్కువగా దీంతోనే వస్తారు. వాట్సాప్ ఉందిగా అనకండి. ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ కీప్యాడ్ ఫోన్ వదలని పెద్దవాళ్లు ఉంటారు. పైగా తుఫాను నెలల్లో, డేటా అస్సలు కదలని బలహీనమైన సిగ్నల్‌లో కూడా ఎస్ఎంఎస్ చాలాసార్లు దూరి వెళ్లిపోతుంది.

సిమ్ సరైనదే, రీచార్జి ఉంది, రోజుకి 100 ఎస్ఎంఎస్‌లు ఉన్నాయి. ఫ్లాట్‌లు 45. అయినా 34వ ఫ్లాట్ నుంచి ‘నాట్ సెంట్’ అని ఎర్రగా పడుతుంది. ‘100 ఉన్నాయి కదండీ, 45 మందికే కదా పంపింది? అదీ ఇంగ్లిష్‌లోనే, రెండు లైన్లు!’ అంటారు. నిజమే సార్, కానీ ఆ రెండు లైన్ల మధ్యలో ₹ గుర్తు కూర్చుని ఉంది.

ఎస్ఎంఎస్ అనేది 140 బైట్ల సంచి. బైటుకి ఎనిమిది బిట్లు. మామూలు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు ఒక్కోటి ఏడు బిట్లే కాబట్టి అందులో 160 పడతాయి. ఇలా ఏడు బిట్లలో పట్టే అక్షరాలకి ఒక పాత పట్టిక ఉంది. ఆ పాత అక్షరాల పట్టికలో లేనిది ఒక్కటి వచ్చినా, మెసేజ్ మొత్తం, అన్ని భాషల అక్షరాలూ ఉండే యూనికోడ్‌కి మారిపోతుంది. ఆ ఒక్క అక్షరమే కాదు, మొత్తం. అప్పుడు అక్షరానికి రెండేసి బైట్లు, సంచిలో పట్టేది 70. అంతకంటే పొడవైతే ముక్కలు చేసి, ముక్కలు కలిపే సమాచారం కూడా వాటిలోనే పెట్టాలి గనక ముక్కకి 67 మాత్రమే.

ఇప్పుడు లెక్క చూడండి. 140 అక్షరాల ఇంగ్లిష్ మెసేజ్ మామూలుగా అయితే ఒక్కటే ఎస్ఎంఎస్. అందులో ‘మెయింటెనెన్స్ ₹1500’ అని పెట్టగానే మూడు ముక్కలు. 33 ఫ్లాట్లకి 99 అయిపోయాయి. 34వ ఫ్లాట్‌కి మూడు కావాలి, మిగిలింది ఒకటి. మెయిన్ బ్యాలెన్స్ ఉంటే మిగతావాళ్లవి అందులోంచి కోసుకుంటూ పోతుంది, లేకపోతే అక్కడితో ఆగుతుంది. పంపేవాళ్లకి తెర మీద కనిపించేది మాత్రం ఒకే మెసేజ్.

పౌండు గుర్తు, డాలరు గుర్తు, యెన్ గుర్తు ఆ పట్టికలో ఉన్నాయి. మన రూపాయి గుర్తు పుట్టిందే 2010లో, పట్టిక అంతకు చాలా ముందుది. అందుకే ఎస్ఎంఎస్‌లో పాతకాలం వాళ్లలా రెండు ఇంగ్లిష్ అక్షరాల్లో Rs అని రాయడమే తెలివి.

రూపాయి గుర్తు ఒక్కటే దొంగ కాదు. నమస్కారం ఎమోజీ ఒకటి. వర్డ్‌లోంచో, వాట్సాప్ ఫార్వర్డ్‌లోంచో అతికించినప్పుడు వచ్చే వంపు తిరిగిన కొటేషన్ గుర్తులు, పొడవాటి గీతలు ఇంకొన్ని. ఐఫోన్‌లో స్మార్ట్ పంక్చుయేషన్ ఆన్‌లో ఉంటే మామూలు కొటేషన్‌ని అదే వంపు తిప్పేస్తుంది, కీబోర్డు సెట్టింగుల్లో ఆపేయండి. అన్నిటికంటే మొండిది కంటికి కనపడని అక్షరం. పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన లైన్‌లో ఖాళీ లాగానే ఉంటుంది గానీ మామూలు ఖాళీ కాదు. ఎంత వెతికినా కనిపించదు. అలాంటప్పుడు వెతకడం మానేసి ఆ మెసేజ్ మొదటి నుంచి చేత్తో టైప్ చేయండి.

కనిపెట్టడం ఎలా అంటే, చాలా మెసేజ్ యాప్‌లలో టైప్ చేసే పెట్టె పక్కన చిన్న అంకెలు వస్తాయి, ఇంకా ఎన్ని అక్షరాలు పడతాయో, ఇది ఎన్నో ముక్కో చెప్తూ. ఐఫోన్‌లో క్యారెక్టర్ కౌంట్ అని మెసేజెస్ సెట్టింగుల్లో ఉంటుంది, ఆన్ చేసుకోండి. అనుమానం వస్తే వెనకనుంచి కొంచెం కొంచెం చెరుపుతూ ఆ అంకె మీదే కన్నేయండి. ఏది చెరపగానే అంకె ఒక్కసారిగా ఎగిరితే అదే దొంగ.

ఇక తెలుగులోనే పంపాలంటే మామూలుగా యూనికోడే, 70లో సర్దుకోవాలి. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. మన కంటికి ఒక అక్షరంగా కనిపించేది ఫోన్‌కి ఒకటి కాదు, గుణింతం వేరు, పొల్లు వేరు, వత్తు వేరు. ‘విశాఖపట్నం’ మనకి ఐదక్షరాలు, ఫోన్ లెక్కలో పది. ‘స్త్రీ’ ఒక్కటే ఆరు. ‘గౌరవనీయులైన సభ్యులకు తెలియజేయునది ఏమనగా’ అని మొదలుపెట్టారంటే ఇంకా విషయంలోకి రాకుండానే 39 ఖర్చు. అది తీసేసి నేరుగా ఇలా రాయండి:

రేపు ఉదయం 6 నుంచి 10 వరకు నీళ్లు రావు. ఇవాళే పట్టుకోండి.

ఖాళీలు, చుక్కలతో కలిపి 56. ఒకే ఎస్ఎంఎస్‌లో 45 ఫ్లాట్లకీ చేరుతుంది, సాయంత్రం ఇంకోసారి గుర్తుచేయడానికి కూడా కోటా మిగులుతుంది. మర్యాద తగ్గిందని ఎవరైనా అంటే నీళ్లు పట్టుకున్నాక మాట్లాడదాం అనండి.

ఇంకోమాట. కొన్ని ఫోన్లలో ఎస్ఎంఎస్ అక్షరాల రకం ఎంచుకునే చోట జీఎస్ఎం ఆల్ఫాబెట్ అని ఉంటుంది, అంటే ఆ పాత పట్టికే. కోటా ఆదా అవుతుందని అది పెట్టేసి తెలుగు పంపకండి, మన అక్షరాలు అందులో లేవు. ఆటోమేటిక్‌లోనే ఉంచండి.

టిక్కు పడింది, అవతలివాళ్లకి అందలేదు

పెట్టెలో ఆర్‌సీఎస్ అని ఉందా, ఎస్ఎంఎస్ అని ఉందా చూడండి. ఆర్‌సీఎస్ అయితే అది డేటా మీద వెళ్లేది. అవతలివాళ్లు నెట్ ఆపేస్తే అక్కడే కూర్చుంటుంది. స్మార్ట్‌ఫోన్ నుంచి కీప్యాడ్ ఫోన్‌కి సిమ్ మార్చినవాళ్లకైతే మరీను. ఆ మనిషికి ఎస్ఎంఎస్‌గా పంపండి, వాళ్ల పాత ఫోన్‌లో ఆర్‌సీఎస్ ఆపించండి.

మిగతావి అరుదు. కొత్త సిమ్ కార్డు మార్చుకుంటే 24 గంటలపాటు ఎస్ఎంఎస్ రాదు, పోదు, అది మోసాలు ఆపడానికి పెట్టిన నిబంధన, ఓటీపీ కోసం టెన్షన్ పడకండి. మెసేజ్‌లు ఏ దారిన వెళ్లాలో ఫోన్‌కి చెప్పే మెసేజ్ సెంటర్ నంబరు పోవడం ఎప్పుడో గానీ జరగదు, సిమ్ కంపెనీ వాళ్లే సరిచేస్తారు. స్టోరేజ్ నిండిపోయిందా, స్పామ్ ఫోల్డర్‌లో పడిందా అన్నది ఓసారి చూస్తే చాలు. ఇవేవీ కాకపోతే సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేసి పంపి చూడండి. అక్కడా పోకపోతే మా దగ్గరికి కాదు, సిమ్ కంపెనీ స్టోర్‌కి వెళ్లండి.