రైజింగ్ సబ్‌మెషిన్ గన్‌ని గుర్తుపట్టడం, విలువ కట్టడం

రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ మెరైన్ల (సముద్రం మీంచి దిగి పోరాడే సైనికుల) చేతిలో సబ్‌మెషిన్ గన్ (చేత్తో పట్టుకుని కాల్చే చిన్న ఆటోమేటిక్ తుపాకి) కనబడితే చాలామంది వెంటనే థామ్సన్ అనేస్తారు, అదే బాగా పేరున్న రకం కాబట్టి. కానీ 1942 ఆగస్టులో పసిఫిక్ సముద్రంలోని గ్వాడల్‌కెనాల్ దీవిలో దిగిన మెరైన్లలో సబ్‌మెషిన్ గన్ అందినవాళ్ళలో చాలామందికి ఇచ్చింది రైజింగ్ అనే ఇంకో రకం. నేను నేవీలో ఆయుధాల రిపేరు చేసి రిటైరై విజయనగరంలో ఉంటున్నాను. అమెరికాలో ఉన్న మేనల్లుడు వేలం ఫొటోలు పంపి "ఇది కొనొచ్చా మావయ్యా?" అని అడుగుతుంటాడు. వాడికి చెప్పేవే ఇవి.

ముందు కాకింగ్ హ్యాండిల్ (తుపాకిని కాల్చడానికి సిద్ధం చేసే పిడి) వెతకండి. థామ్సన్‌కి పైనో కుడిపక్కనో కనబడుతుంది. రైజింగ్‌కి పైకి ఏమీ కనబడదు. మ్యాగజైన్ (తూటాల పెట్టె) ముందు, చెక్క అడుగున ఉన్న గాడిలో వేలు పెట్టి వెనక్కి లాగాలి. అందుకే అడుగు భాగం ఫొటో తప్పకుండా అడగాలి. భుజానికి ఆనించే చెక్క బట్, బారెల్ (గొట్టం) కొసన కాంపెన్సేటర్ (కాల్చేటప్పుడు మూతి పైకి లేవకుండా ఆపే ముక్క) ఉంటే మోడల్ 50. మడిచే తీగ బట్ ఉండి కాంపెన్సేటర్ లేకపోతే మోడల్ 55.

నిగనిగలాడే నీలి పాలిష్ చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి. మొదట్లో కంపెనీ అమ్మినవాటికి ఆ పాలిష్ ఉండేది, బారెల్ మీద సన్నని ఫిన్లు (చుట్టూ ఉండే పక్కటెముకల్లాంటి అంచులు) ఎక్కువ. తర్వాత మిలిటరీకి చేసినవాటికి మాసిన బూడిదరంగు పార్కరైజింగ్ (తుప్పు పట్టకుండా వేసే పూత), మందమైన 14 ఫిన్లు. మందమైన ఫిన్లున్న బారెల్ మీద కొత్త నీలి మెరుపు ఉంటే, బారెల్ మార్చారా, మళ్ళీ పాలిష్ పెట్టారా అని అడగాలి.

అసలు పరీక్ష లోపలి భాగాలది. వీటిని తయారు చేసిన హారింగ్టన్ అండ్ రిచర్డ్‌సన్ కంపెనీ వీటి భాగాలను చేత్తో అరగదీసి అమర్చింది. ఒకదాని బోల్టు (తూటాను లోపలికి తోసి వెనక మూసే ఉక్కు ముక్క) ఇంకోదానికి సరిగ్గా కూర్చోదు. బోల్టు వెనక కొస పైకి లేచి రిసీవర్ (లోపలి భాగాలు ఇమిడే ఉక్కు ఒర) లోని గాడిలో పడితేనే గుండు పేలుతుంది. ఆ గాడిలో ఇసుక చేరితే ఇక పని చేయదు. మా కళింగపట్నంలో ఉప్పుగాలి కిటికీ ఊచలను తినేసినట్టే, గ్వాడల్‌కెనాల్ తేమకి దీని ఉక్కు తుప్పు పట్టింది. మెరైన్లలో రైడర్లనే మెరుపుదాడి దళం కమాండర్ ఎడ్సన్ వీటిని ఆ దీవిలోని లుంగా నదిలో పారేయమన్నాడని చెబుతారు. కాబట్టి బోల్టు, రిసీవర్ గాడి ఫొటోలు దగ్గరగా తీసి పంపమనండి. గుంటలు పడితే ధర తగ్గించాల్సిందే.

వీటన్నిటికన్నా ముందు కాగితాలు చూడాలి. 1986 మే నుంచి అమెరికాలో పౌరుల పేరిట కొత్త ఆటోమేటిక్ తుపాకులు రిజిస్టర్ కావు. పాత రిజిస్ట్రేషన్ లేకపోతే బేరమే వద్దు. మన దేశంలో ఇది నిషిద్ధ ఆయుధం. పాత ఇంట్లో ఇలాంటిది బయటపడితే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పండి.