బత్తాయి ధరల యాప్, 4వ పాఠం: వ్యూమోడల్‌కు రిపాజిటరీని అందించడం

రైతులకు మార్కెట్ ధరలు చూపించే మన ఆండ్రాయిడ్ యాప్‌కు పోయిన పాఠంలో ధరల రిపాజిటరీ (డేటా తెచ్చి ఇచ్చే క్లాస్) రాసి ఆపాం. నల్లగొండ మార్కెట్లో ఈరోజు బత్తాయి టన్ను ఎంత పలికింది, నకిరేకల్లో నిమ్మకాయ బస్తా ఎంతకు పోయింది, ఇవన్నీ నెట్ నుంచి తెచ్చి ఫోన్‌లోని రూమ్ డేటాబేస్‌లో దాచిపెట్టేది అదే. ఇప్పుడు వ్యూమోడల్‌కు, అంటే స్క్రీన్‌కు కావాల్సిన డేటాను పట్టుకుని ఉండే క్లాస్‌కు, అది కావాలి.

చాలామంది వ్యూమోడల్ లోపలే రిపాజిటరీని తయారు చేసేస్తారు. యాప్ నడుస్తుంది కూడా. కానీ రిపాజిటరీకి డేటాబేస్ కావాలి, డేటాబేస్‌కు కాంటెక్స్ట్ (యాప్ గురించి ఆండ్రాయిడ్ ఇచ్చే ఆబ్జెక్ట్) కావాలి, నెట్ నుంచి తేవడానికి రెట్రోఫిట్ లైబ్రరీ కావాలి, ఇదంతా వ్యూమోడల్ నెత్తిన పడుతుంది, రేపు ఇంకో స్క్రీన్ రాస్తే మళ్లీ అదే తతంగం. అందుకని తయారు చేయకండి, కన్‌స్ట్రక్టర్‌లో (ఆబ్జెక్ట్‌ను తయారు చేసేటప్పుడు నడిచే కోడ్) అడగండి. డిపెండెన్సీ ఇంజెక్షన్ అంటే ఇదే, పేరు చూసి టెన్షన్ పడాల్సిందేమీ లేదు.

చిక్కు ఇంకో చోట ఉంది. వ్యూమోడల్‌ను మనం నేరుగా పుట్టించం. ఫోన్ అడ్డం తిప్పితే పాత యాక్టివిటీ (స్క్రీన్‌ను నడిపే ఆబ్జెక్ట్) పోయి కొత్తది వస్తుంది, వ్యూమోడల్ మాత్రం వ్యూమోడల్‌స్టోర్‌లో అలాగే ఉంటుంది, అందుకే ఆ పని వ్యూమోడల్‌ప్రొవైడర్ చేతిలో పెట్టారు. కన్‌స్ట్రక్టర్‌లో రిపాజిటరీ అడిగారంటే దాన్ని ఎలా పుట్టించాలో ప్రొవైడర్‌కు తెలియదు, ఒక ఫ్యాక్టరీ (దాన్ని పుట్టించే క్లాస్) రాసివ్వాలి. ఆ ఫ్యాక్టరీ చాకిరీ మనకు తప్పించేదే హిల్ట్. డాగర్ అనే డిపెండెన్సీ ఇంజెక్షన్ లైబ్రరీ మీద కట్టిన ఈ లైబ్రరీని గూగుల్ 2020లో తెచ్చింది. కావాల్సిన కోడ్‌ను కంపైల్ అయ్యేటప్పుడే రాసేస్తుంది కాబట్టి ఏదైనా అందించడం మరిచిపోతే బిల్డ్ అక్కడే ఆగుతుంది, రైతు చేతిలో యాప్ క్రాష్ అయ్యేదాకా పోదు. నాకు హిల్ట్ నచ్చింది ముఖ్యంగా ఇందుకే.

అప్లికేషన్ క్లాస్‌కు హిల్ట్‌ఆండ్రాయిడ్‌యాప్, యాక్టివిటీకి ఆండ్రాయిడ్‌ఎంట్రీపాయింట్ అనోటేషన్లు (@తో మొదలయ్యే గుర్తులు) పెట్టండి, ఆ అప్లికేషన్ క్లాస్ పేరు మ్యానిఫెస్ట్‌లో (యాప్ వివరాల ఫైల్) ఉందో లేదో చూసుకోండి. వ్యూమోడల్ మీద హిల్ట్‌వ్యూమోడల్, దాని కన్‌స్ట్రక్టర్‌కు ఇంజెక్ట్. రిపాజిటరీ మన సొంత క్లాస్ కాబట్టి దాని కన్‌స్ట్రక్టర్‌కూ ఇంజెక్ట్ పెడితే చాలు. రూమ్, రెట్రోఫిట్ మనం రాసినవి కావు, వాటిని ఎలా తయారు చేయాలో ఒక మాడ్యూల్‌లో ప్రొవైడ్స్ ఫంక్షన్లుగా చెప్పాలి. ఆ మాడ్యూల్‌ను సింగిల్టన్‌కంపోనెంట్‌లో (యాప్ నడిచినంతసేపూ ఉండేది) ఇన్‌స్టాల్ చేసి, ఫంక్షన్ల మీద సింగిల్టన్ అని కూడా రాయండి. అది రాయకపోతే అడిగిన ప్రతిసారీ కొత్త డేటాబేస్ ఆబ్జెక్ట్ తయారవుతుంది, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

స్క్రీన్‌లో వ్యూమోడల్ తీసుకునేటప్పుడు కంపోజ్ (స్క్రీన్‌ను ఫంక్షన్లతో రాసే టూల్‌కిట్) అయితే హిల్ట్‌వ్యూమోడల్ ఫంక్షన్‌ను పిలవండి, యాక్టివిటీ అయితే బై వ్యూమోడల్స్ అని రాయండి. ఇంజెక్ట్ పెట్టి వ్యూమోడల్‌నే యాక్టివిటీలో ఫీల్డ్‌గా అడగకండి. అలా వచ్చేది వ్యూమోడల్‌స్టోర్‌లో లేని మామూలు ఆబ్జెక్ట్, ఫోన్ తిప్పగానే రైతు ఎంచుకున్న మార్కెట్ పోతుంది. హిల్ట్ కొత్త వెర్షన్లు దీన్ని బిల్డ్‌లోనే అడ్డుకుంటున్నాయి, మంచిదే.

యాక్టివిటీ కాంటెక్స్ట్‌ను కూడా వ్యూమోడల్‌లోకి తేవద్దు. యాక్టివిటీ పోయాక కూడా వ్యూమోడల్ దాన్ని పట్టుకుని ఉంటే మెమరీ లీక్ అవుతుంది. కాంటెక్స్ట్ తప్పదంటే అప్లికేషన్ కాంటెక్స్ట్ తీసుకోండి, అదీ రిపాజిటరీ వైపే ఉంచండి. ఎంచుకున్న మార్కెట్ పేరు కోసం సేవ్డ్‌స్టేట్‌హ్యాండిల్‌ను కన్‌స్ట్రక్టర్‌లో అడిగితే హిల్ట్ దానంతట అదే ఇస్తుంది, మాడ్యూల్ అక్కర్లేదు. పేరును అందులో దాచండి. రైతు మధ్యలో వాట్సాప్‌లోకి వెళ్లినప్పుడు ఫోన్ మన యాప్ ప్రాసెస్‌ను ఆపేసినా, తిరిగొచ్చాక అదే మార్కెట్ కనిపిస్తుంది.

ఈ వారం చేయాల్సింది: రిపాజిటరీకి ఒక ఇంటర్‌ఫేస్ తీయండి, అసలు క్లాస్‌ను దానికి బైండ్స్‌తో (ఈ ఇంటర్‌ఫేస్ అడిగితే ఏ క్లాస్ ఇవ్వాలో చెప్పే అనోటేషన్) కలపండి. తర్వాత అదే ఇంటర్‌ఫేస్‌తో ఒక ఉత్తుత్తి రిపాజిటరీ రాయండి, నెట్ అడిగితే ఎర్రర్ ఇవ్వాలి, డేటాబేస్‌లో నిన్నటి ధర మాత్రం ఉండాలి. తోటల్లో సిగ్నల్ అందనప్పుడు జరిగేది ఇదే కదా. టెస్ట్‌లో హిల్ట్ అవసరమే లేదు, వ్యూమోడల్ కన్‌స్ట్రక్టర్‌కు ఈ ఉత్తుత్తిదాన్ని నేరుగా ఇచ్చేయండి, నిన్నటి ధర తేదీతో సహా స్క్రీన్ స్టేట్‌లోకి వస్తుందో లేదో చూడండి. 5వ పాఠంలో ఒక్కో మార్కెట్‌కు ఒక్కో వ్యూమోడల్ కావాలంటే అసిస్టెడ్ ఇంజెక్షన్ (కొన్ని విలువలు మనం ఇస్తే మిగతావి హిల్ట్ ఇచ్చే పద్ధతి) ఎలా వాడాలో చూద్దాం.