స్కాట్లాండ్ పాత జనగణన పుటలో ఒక శ్రామిక కుటుంబాన్ని చదివే పద్ధతి

పందొమ్మిదో శతాబ్దపు స్కాట్లాండ్‌లో ఆస్తిపత్రాలూ ఉత్తరాలూ మిగల్చకుండా వెళ్లిపోయిన ఒక శ్రామిక కుటుంబాన్ని వెతికేటప్పుడు, జనగణన పుస్తకంలో వారికి దక్కిన ఆరేడు వరుసలే చాలాసార్లు మనకు పెద్ద ఆధారం. అందువల్ల పేర్లు మాత్రమే రాసుకుని పుట తిప్పేయకుండా ప్రతి గడినీ ఓపికగా చదవాలి.

వెతుకులాట 1851 జనగణన నుంచి గాని, ఆ తరువాతి గణన నుంచి గాని మొదలుపెట్టి, 1841కి వెనక్కి వెళ్లడం మేలు. 1841లో 15 ఏళ్లు దాటినవారి వయసును ఐదు గుణిజానికి తగ్గించి రాయమన్నారు కనుక, 34 ఏళ్ల మనిషి సాధారణంగా 30గా కనిపిస్తాడు. ఎవరు ఎవరికి ఏమవుతారో కూడా అందులో ఉండదు. ఇంటి యజమానితో బంధుత్వం, వివాహస్థితి, పుట్టిన పారిష్ (ఒక చర్చి పరిధి కిందికి వచ్చే స్థానిక ప్రాంతం) 1851 నుంచి నమోదయ్యాయి.

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది పుట్టిన చోటు గడి. పిల్లలను వయసు వరుసలో పెట్టి, ఒక్కొక్కరి పుట్టిన ఊరు పక్కన రాసుకోండి. పెద్దకొడుకు ఐర్లండ్‌లో, రెండో బిడ్డ పెయిస్లీలో, కడగొట్టు బిడ్డ గ్లాస్గోలో పుట్టి ఉంటే, ఆ కుటుంబం సముద్రం దాటి ఏ సంవత్సరాల మధ్య వచ్చిందో, తరువాత ఎప్పుడు మళ్లీ తరలిందో సుమారుగా తేలుతుంది. అయితే తల్లి కాన్పుకు పుట్టింటికి వెళ్లి ఉండవచ్చు కాబట్టి, ఒక్క బిడ్డ జన్మస్థలాన్ని బట్టి కాపురం మారిందని తేల్చకూడదు.

1861 నుంచి కిటికీలున్న గదుల సంఖ్య కూడా రాశారు. ఆ అంకె పక్కన ఇంట్లోని మనుషులను లెక్కపెట్టి చూడండి: భార్యాభర్తలు, ఐదుగురు పిల్లలు, అద్దెకు చేరిన ఒక పరాయి మనిషి, అందరికీ కలిపి ఒకే గది అని ఉంటే, ఆ బతుకు ఎంత ఇరుకైనదో వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. అద్దెకున్న వ్యక్తిని వదిలేయకండి. ఇంటి కిరాయిలో అతని వాటా ఉండే అవకాశం ఎక్కువ, అతడు యజమాని చేసే పనిలోనే ఉంటే ఆ పరిచయం అక్కడ ఏర్పడిందేమో ఆలోచించాలి.

వృత్తి గడిని ప్రాంతంతో కలిపి చదవాలి. డండీ జనపనార మిల్లుల్లో స్త్రీలు పెద్ద సంఖ్యలో పనిచేశారు. 1842 చట్టం స్త్రీలను భూగర్భ గనిపని నుంచి నిషేధించింది కాబట్టి, 1851లో ఒక యువతి పేరుకెదురుగా బొగ్గుగని పని అని ఉంటే, అది చాలావరకు గని పైభాగాన చేసినదే అయి ఉంటుంది. భార్య వృత్తి గడి ఖాళీగా ఉన్నంత మాత్రాన ఆమె సంపాదించలేదని అనుకోవద్దు. బట్టలుతకడం, అద్దెవాళ్లకు వండిపెట్టడం వంటివి ఆ గడిలోకి తరచూ ఎక్కలేదు.

మనం చూసేది ఎన్యూమరేటర్ (ఇంటింటి వివరాలు సేకరించిన గణకుడు) తన పుస్తకంలోకి ఎక్కించిన నకలు కనుక, పేరు దొరకకపోతే దానిని వినికిడిని బట్టి ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్ని రకాలుగానూ స్కాట్లాండ్ ప్రభుత్వ పాత రికార్డుల వెబ్‌సైట్ అయిన స్కాట్లాండ్స్‌పీపుల్‌లో వెతకాలి. తరువాత ఆ కుటుంబాన్ని 1855లో మొదలైన జనన, వివాహ, మరణ రిజిస్టర్లతో కలపండి. మరణ నమోదులో సాధారణంగా తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉంటాయి. తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా అక్కడ దొరుకుతుంది. ఆ ఇంటిపేరు చేతికి వచ్చాక జనగణన పుటకు ముందూ వెనుకా ఉన్న పుటలు కూడా చూడండి. ఆమె అన్నదమ్ములో, వితంతువైన తల్లో అదే వీధిలో కనిపించవచ్చు.